తెరచాప విప్పని ఓడ

మావయ్యది విశాఖపట్నం. సరుకు ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మేనకోడలికి జర్మనీలో ఉద్యోగం. టర్కీ నైరుతి తీరంలో ఫెతియే నుంచి దెమ్రే దాకా, గులెత్ అనే చెక్క ఓడలో మూడు రాత్రుళ్ళ ప్రయాణానికి వెళ్ళాలని ఆమె పట్టు. దండగ అని ఆయన పట్టు. ఇద్దరికీ భోజనం కన్నా వాదన మీదే మక్కువ. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. బ్రాకెట్లలో ఉన్నవి మాత్రం నావి, అదీ నోరు ఆపుకోలేనప్పుడే.

మావయ్య: దీన్ని సెయిలింగ్ అని ఎవరన్నారే నీతో? ఈ ఫొటో చూడు. కొయ్యలు రెండున్నాయి. తెరచాపలు చుట్టేసి పైన నీలం గుడ్డ తొడిగారు.

మేనకోడలు: రేవులో కట్టేసినప్పటి ఫొటో మావయ్యా అది.

మావయ్య: సరే, మరి ఇది? నడి నీళ్ళలో తీసిందేగా. ఇక్కడా అదే గుడ్డ. వెనకాల తెల్లగా లేస్తోంది చూడు, అది ప్రొపెల్లరు నురగ. నువ్వెక్కేది మోటారు బోటు. కొయ్యలు అలంకారానికి.

మేనకోడలు: గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతామని రాశారు.

మావయ్య: అంటే ఎత్తరు. గులెత్ అనేది ఒకప్పుడు కష్టపడి బతికిన ఓడ. బొద్రుమ్‌లో, బోజ్‌బురున్‌లో కట్టేవాళ్ళు. స్పాంజి ఏరేవాళ్ళూ సరుకు మోసేవాళ్ళూ వాడుకునేవాళ్ళు. పొట్ట వెడల్పు, వెనక భాగం గుండ్రం. 1970ల నుంచి టూరిస్టులు రావడం మొదలయ్యాక సరుకు గది పోయి క్యాబిన్లు వచ్చాయి. క్యాబిన్‌కో బాత్‌రూము, ఏసీ, దానికో జెనరేటరు. బరువు పెరిగింది, తెరచాప పెరగలేదు. పెద్ద తెరచాప ఎత్తాలంటే మనుషులుండాలి. అక్కడున్నది ఒక కెప్టెను, ఒక వంటవాడు, ఒకరిద్దరు కుర్రాళ్ళు. వాళ్ళు నీకు వంకాయ వేయించాలా, మోకులు లాగాలా?

మేనకోడలు: వంకాయ వేయిస్తే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక మాట చెప్పు. అక్కడ వేసవిలో గాలి వాయవ్యం నుంచి వస్తుందంటారు. ఫెతియే నుంచి దెమ్రే అంటే ఆగ్నేయంగా, తూర్పుగా వెళ్ళడమే. గాలి వీపునే ఉంటుందిగా? అంతకన్నా ఏం కావాలి తెరచాపకి?

మావయ్య: బాగానే పట్టుకున్నావు. గాలి ఉంటుంది. మధ్యాహ్నం లేస్తుంది. ఆ టైముకి మీరు ఏ మూలనో లంగరేసి ఈతలు కొడుతుంటారు. దారిలో యెది బురున్ అని ఏడు కొండముక్కులు వరసగా ఉన్నాయి. దాక్కోవడానికి చోటుండదు, అల పెద్దది. మీ కడుపులో తిప్పకుండా ఆ ముక్క తెల్లవారకముందే దాటించేస్తారు. అప్పుడు గాలి పడిపోయి ఉంటుంది. ప్రయాణికుడు సుఖంగా ఉండాలంటే గాలి ఉండకూడదు, గాలి లేకపోతే తెరచాప పని చెయ్యదు. నీ డబ్బుతో నువ్వే గాలిని తీయించేస్తున్నావు.

(ఈ మాట దగ్గర మేనకోడలు కాసేపు ఏమీ అనలేదు. నేనైతే అక్కడితో ఓడిపోయేవాణ్ణి.)

మావయ్య: సెయిలింగంటే ఐఎన్‌ఎస్‌వీ తారిణిది. 2017 సెప్టెంబర్‌లో ఆరుగురు నేవీ ఆడపిల్లలు గోవాలో బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మేలో వచ్చారు. 254 రోజులు. ఓడ పొడవు 17 మీటర్లు, నీ గులెత్ కన్నా చిన్నదే అయ్యుంటుంది. వాళ్ళలో స్వాతి మన విశాఖ పిల్ల, ఐశ్వర్య హైదరాబాద్ పిల్ల. అది చిన్న బృందం, అది సెయిలింగు.

మేనకోడలు: వాళ్ళకి దండం పెడతాను. కానీ నేను భూమి చుట్టడానికి వెళ్ళట్లేదు. సరే, సెయిలింగ్ అన్న మాట తీసేద్దాం, అది ఏజెంటు పెట్టుకున్న పేరు. నాకు కావాల్సింది ఆ తీరం. దాన్ని నీళ్ళ మీంచే చూడాలి.

మావయ్య: ఏం, రోడ్డు లేదా? డీ-400 హైవే ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు.

మేనకోడలు: ఉంది, కానీ ఫెతియే దాటగానే లోపలికి తిరిగి కొండల వెనకనుంచి పోతుంది. 1,969 మీటర్ల బాబాదా కొండ సముద్రం పక్కనే లేచి నిలబడుతుంది. అక్కడ రోడ్డుకి చోటేది? ఆ కొండల కింద సీతాకోకచిలుకల లోయ ఉంది, మూడు వైపులా నిలువు గోడలు, జనం వెళ్ళేది దాదాపు పడవల్లోనే. ఇటు కెకోవా ద్వీపం దగ్గర కలేకోయ్ అని ఊరుంది. కారు వెళ్ళే దారి లేదు, పడవలో వెళ్ళాలి లేకపోతే కాలిబాటన. పూర్వం ఈ తీరంలో ఉన్న లిసియా వాళ్ళకి ముందు రేవు, తర్వాత ఊరు. సముద్రం వైపు ముఖం పెట్టుకుని కట్టిన ఊళ్ళకి నువ్వు దొడ్డిదారిన వెళ్ళమంటున్నావు.

మావయ్య: అలాగా. మరి ఆ లిసియా ఊళ్ళన్నీ కూటమిగా ఏర్పడి సభ పెట్టుకున్న ఊరేది?

మేనకోడలు: పతారా.

మావయ్య: అక్కడ నీ ఓడ ఆగుతుందా?

మేనకోడలు: ...ఆగదు.

మావయ్య: ఎందుకాగదు? ఆ రేవు ఎప్పుడో ఇసకతో పూడిపోయింది. నీరో చక్రవర్తి కాలంలో కట్టిన దీపస్తంభం ఇసకలో కూరుకుని బయటపడింది. ఓడల్లో వచ్చేవాళ్ళ కోసం కట్టిన ఊరికి ఇవాళ ఓడలో వెళ్ళలేవు. డెక్ మీంచి నీకు కనపడేది పొడుగాటి ఇసక తీరం, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. సభాభవనం చూడాలంటే కాళ్ళే గతి. అందుకే చెప్తున్నాను, నడు. కేట్ క్లో అనే ఇంగ్లండ్ ఆవిడ 1999లో అక్కడి పాత కాలిబాటల్ని కలిపి లిసియన్ వే అని దారి గుర్తులు పెట్టింది. 500 కిలోమీటర్లు. నీ గులెత్ ఆగే చోట్లన్నిటి పైనుంచీ, ఆగని పతారా పక్కనుంచీ కూడా పోతుంది.

మేనకోడలు: ఆగస్టు ఎండలో నన్ను రాళ్ళ మీద నడిపిస్తావన్నమాట.

మావయ్య: ఏప్రిల్‌లో వెళ్ళు. కొండ నిండా పూలుంటాయి.

మేనకోడలు: పతారా సంగతి ఒప్పుకుంటా. మరి దెమ్రే? ఒకప్పటి మైరా అదే, నా ప్రయాణం ముగిసేది దాని పాతరేవు పక్కనే. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో కట్టిన ధాన్యం గిడ్డంగి అక్కడ ఇప్పటికీ నిలబడి ఉంది, దాన్నే మ్యూజియం చేశారు. పక్కింటి మేరీ ఆంటీని అడుగు, పతర, మూర అని రెండు ఊళ్ళ పేర్లూ ఆవిడ తెలుగు బైబిల్లోనే ఉన్నాయి. అపొస్తలుల కార్యాల్లో పౌలు ఒకసారి పతారాలో ఓడ మారతాడు, ఇంకోసారి ఖైదీగా రోముకి వెళ్తూ మైరాలో మారతాడు. రెండోసారి ఎక్కింది అలెగ్జాండ్రియా నుంచి ఇటలీ వెళ్ళే ఓడ.

మావయ్య: ఈజిప్టు నుంచి ఇటలీ వెళ్ళే ఓడకి మైరాలో ఏం పనో తెలుసా? మ్యాపులో గీత గీస్తే అది దారే కాదు. ఈజిప్టు గోధుమ రోముకి పోవాలి. వేసవంతా గాలి వాయవ్యం నుంచి, అంటే సరిగ్గా ముఖం మీదికి. ఆ కాలపు తెరచాపతో గాలికి ఎదురెక్కడం అయ్యేపని కాదు. అందుకని ముందు ఉత్తరంగా ఆసియా మైనరు ఒడ్డుకి చేరి, అక్కణ్ణుంచి తీరాన్ని పట్టుకుని, ఒడ్డు గాలులూ ఒడ్డు ప్రవాహాలూ వాడుకుంటూ ఇంచీ ఇంచీ పడమరకి పాకేవాళ్ళు. మైరా ఎదిగింది అందుకే. ఊరిని పెంచింది గాలి.

మేనకోడలు: అదే నేనూ అంటున్నది! ఆ గిడ్డంగి ఎందుకక్కడుందో బస్సులో వెళ్ళినవాడికి తట్టదు. నీకు తట్టిందంటే ఓడల్లో తిరిగావు గనక.

మావయ్య: తిరిగాను గనక కాదు, చదివాను గనక. డెక్ మీద పరుపేసుకుని పడుకున్నవాళ్ళకి గాలి కబుర్లు చెప్పదు.

మేనకోడలు: ఈ ప్రయాణాన్ని మొదలుపెట్టినవాళ్ళు పరుపు మీద పడుకుని చదివినవాళ్ళే. జెవాత్ షాకిర్ అని రచయిత ఉండేవాడు. పారిపోయిన సైనికుల్ని విచారణ లేకుండా ఉరితీయడం మీద ఏదో రాశాడని 1925లో బొద్రుమ్‌కి ప్రవాసం పంపారు. అప్పుడది దిక్కూమొక్కూ లేని జాలరి పల్లె. శిక్ష అయ్యాక కూడా ఆ ఊరే కావాలని తిరిగొచ్చాడు. ఆ ఊరి పాత పేరుతో ‘హలికార్నస్ జాలరి’ అని కలం పేరు పెట్టుకున్నాడు. స్పాంజి పడవల్లో స్నేహితుల్ని గోకోవా అఖాతం వెంట తిప్పేవాడు. వాళ్ళలో సబహత్తిన్ ఎయుబొగ్లు అనే రచయిత ఉండేవాడు, హోమర్‌ని టర్కీ భాషలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన అజ్రా ఎర్హాత్ ఉండేది. ఆ తిరుగుళ్ళ మీద ఆవిడ 1962లో ‘మావి యోల్జులుక్’ అని పుస్తకం వేసింది. ఇవాళ ఏజెంట్లందరూ అమ్ముతున్న నీలి యాత్ర అదే.

మావయ్య: అదే ఎలా అవుతుందే? వాళ్ళది రొట్టె, జున్ను, మంచినీళ్ళు, పట్టిన చేపలు. పడుకోవడం చెక్కల మీద. వార్తలూ రేడియోలూ లేకుండా ఉందామని వెళ్ళారు. నువ్వు ఎక్కకముందే వైఫై ఉందా అని అడిగావా లేదా, నిజం చెప్పు.

మేనకోడలు: అడిగాను. ఆఫీసు పని.

మావయ్య: శిక్ష వేసి పంపితే ఆయన సముద్రాన్ని చూశాడు. మనం డబ్బు కట్టి వెళ్ళి ఫోన్ చూసుకుంటాం.

(ఇది మావయ్యకి అలవాటైన దెబ్బ. వినడానికి బాగుంటుంది, కానీ వాదనలో దీని బరువు తక్కువ. ప్రవాసం వేస్తేనే సముద్రం అర్థమవుతుందంటే మనమెవరమూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.)

మేనకోడలు: అది వదిలెయ్. సరుకు ఓడల మనిషివి, నీకు ఆశ పుట్టే చోటొకటి ఉంది నా దారిలో. కాష్ ఊరు దాటాక ఉలుబురున్ కొండముక్కు, పాతకాలపు సరుకు ఓడ మునిగిన చోటు.

మావయ్య: ఆ... ఉలుబురున్.

మేనకోడలు: చెప్పు, చెప్పు. నాకన్నా నీకే బాగా తెలుసు.

మావయ్య: 1982లో మెహ్మెద్ చాకిర్ అని స్పాంజి డైవరు కిందికి దిగాడు. పైకొచ్చి, చెవులున్న లోహపు బిస్కట్లు కనిపించాయన్నాడు. పురావస్తువాళ్ళు అలాంటివి కనిపిస్తే చెప్పండని డైవర్లకి ముందే బొమ్మలు చూపించి పెట్టారు కాబట్టి సంగతి వాళ్ళకి అర్థమైంది. అవి రాగి దిమ్మలు. జార్జ్ బాస్, ఆ తర్వాత జెమాల్ పులాక్ 1984 నుంచి 1994 దాకా ప్రతి వేసవీ అక్కడే తవ్వారు. ఓడ పడింది నిటారు వాలు మీద, 44 మీటర్ల లోతు నుంచి ఇంకా కిందికి. అక్కడ ఒక్కో మనిషి పని చెయ్యగలిగేది నిమిషాలే. మొత్తం ఇరవై రెండు వేలకి పైగా సార్లు దిగాల్సొచ్చింది.

మేనకోడలు: సరుకేంటి?

మావయ్య: పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం. పదికొకటి. సరిగ్గా కంచుకి కలిపే పాళ్ళు. అంటే ఎవరో ఎక్కడో ఆర్డరు పెట్టిన సరుకు అనిపిస్తుంది. నీలం రంగు గాజు దిమ్మలు, నల్ల చేవ కర్ర, ఏనుగు దంతం, నీటిగుర్రం పళ్ళు, జాడీల నిండా చెట్టు బంక. ఈజిప్టు రాణి నెఫెర్తితి పేరున్న చిన్న బంగారు ముద్ర. క్రీస్తుకి ముందు 14వ శతాబ్దం చివరి సంగతి. ఓడ దేవదారు చెక్కది, పలకకి పలక కుసులు పెట్టి బిగించారు. ఏడెనిమిది దేశాల సరుకు ఒకే పొట్టలో. నేను మోసినన్నాళ్ళూ మోసింది ఇలాంటిదే, కంటెయినర్లలో ఉండేది కాబట్టి కళ్ళకి కనపడేది కాదు. ఆ ఓడ కూడా పడమరకి వెళ్తూ ఆ కొండముక్కు దగ్గరే దెబ్బతింది. గాలే ఒడ్డుకి విసిరికొట్టి ఉంటుంది.

మేనకోడలు: మరి నేను సరిగ్గా ఆ నీళ్ళ మీంచే పోతాను కదా!

మావయ్య: పోతావు. నీళ్ళే కనపడతాయి. అక్కడ పైన ఏమీ లేదు. సరుకంతా బొద్రుమ్ కోటలో, నీటి అడుగు పురావస్తు మ్యూజియంలో ఉంది. చూడాలంటే బొద్రుమ్ పో. లేకపోతే ఆ చోటు దాటే వేళకి నువ్వు పుచ్చకాయ ముక్కలు తింటూ ఉంటావు, ఎవడూ చెప్పడు.

మేనకోడలు: ఎవడూ చెప్పక్కర్లేదు, ఇప్పుడు నువ్వు చెప్పావుగా. ఆ ముక్కు దాటేటప్పుడు కెప్టెన్‌ని అడుగుతా.

మావయ్య: కెకోవా మాటేంటి? మునిగిపోయిన ఊరిలో ఈదుతానని అమ్మతో అన్నావట.

మేనకోడలు: అమ్మతో ఏదో అన్నాను. అక్కడ ఈత నిషేధమని నాకూ తెలుసు. భూకంపాలకి కుంగి, ఒడ్డున ఉన్న ఇళ్ళు నీళ్ళలోకి జారాయి. మెట్లు రాతిలో చెక్కినవి, నీళ్ళలోకి దిగి ఆగకుండా అలా పోతూనే ఉంటాయట. పడవ నెమ్మదిగా పక్కనుంచి వెళ్తుంది, లంగరెయ్యనివ్వరు. 1990 నుంచి అది రక్షిత ప్రాంతం. ఎదురుగా కలేకోయ్‌లో కోట ఎక్కితే లోపల రాతిలో తొలిచిన బుల్లి థియేటరు. ఒడ్డున మోకాల్లోతు నీళ్ళలో ఒంటరిగా నిలబడ్డ సమాధి పెట్టె, మూత తిరగేసిన పడవ అడుగులా ఉంటుంది.

మావయ్య: లంగరెయ్యనివ్వని చోట సరే. మిగతా చోట్ల? అక్కడి సముద్రం అడుగున పొసిడోనియా అని గడ్డి పెరుగుతుంది. చేప పిల్లలకి అదే ఇల్లు. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. వేసవంతా రోజుకిన్ని ఓడలు లంగరు ఈడ్చి ఈడ్చి దాన్ని పీకేస్తే మళ్ళీ పెరగడానికి నీ మనవల కాలం పడుతుంది. ఒకే మూలలో పది గులెత్‌లు, పది జెనరేటర్లు, పది రకాల పాటలు. నీలి యాత్ర నీలాన్నే తినేస్తోంది.

మేనకోడలు: ఇది మాత్రం కాదనలేను. మురుగు లెక్క రాసుకునే నీలి కార్డు విధానం ఒకటి పెట్టారు, ఎక్కడ ఎంత దించారో నమోదవుతుంది. దానితో అంతా బాగైపోయిందని నేననను. కానీ జనం పెద్ద క్రూయిజ్ ఓడల్లో వస్తే బాగుంటుందా? ఒడ్డంతా హోటళ్ళు లేస్తే బాగుంటుందా? ఓ పదహారు మంది ఒక చెక్క ఓడలో తిని, పడుకుని, వెళ్ళిపోతే ఒడ్డున కాంక్రీటు మిగలదు.

మావయ్య: లంగరు గీతలు మిగులుతాయి.

మేనకోడలు: మిగులుతాయి. అందుకే ఇసక అడుగున లంగరేసే కెప్టెన్ని వెతుక్కుంటా.

మావయ్య: పదహారు మంది అన్నావు. వాళ్ళెవరో తెలియదు. అదీ నా బాధ. ఒంటరి ఆడపిల్లవి.

మేనకోడలు: ఒంటరి ఆడపిల్లని కాబట్టే ఇది. ఓడ మొత్తం అద్దెకి తీసుకోవాలంటే నాలుగు కుటుంబాలు కలవాలి. ఇక్కడ మంచం లెక్కన అమ్ముతారు. ఒక్కదాన్ని వెళ్ళొచ్చు. నువ్వు ఫిలిప్పీన్స్ వాళ్ళతో, ఉక్రెయిన్ వాళ్ళతో నెలలకి నెలలు ఒకే బల్ల మీద తినలేదా?

మావయ్య: మాకు చెయ్యడానికి పని ఉండేది. పని ఉన్నచోట పరాయివాళ్ళు తొందరగా అయినవాళ్ళవుతారు. పని లేకుండా పదహారు మంది నాలుగు పగళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే రెండో రోజుకి ఎవరు ఎక్కువ నీళ్ళతో స్నానం చేస్తున్నారో లెక్కలు మొదలవుతాయి. నా మాట విను. స్కిప్పర్‌తో సహా చిన్న తెరచాప ఓడ దొరుకుతుంది, గోజెక్ నుంచి, ఫెతియే నుంచి. ఆరుగురు పడతారు. మోకు చేతికిస్తాడు, చుక్కాని పట్టుకోమంటాడు. చేతులు బొబ్బలెక్కుతాయి. తీరం అదే.

మేనకోడలు: మిగతా అయిదుగురిని ఎవరు తెస్తారు? నువ్వొస్తావా?

మావయ్య: నాకు మోకాళ్ళు...

మేనకోడలు: అదీ. నడవమన్నప్పుడు గుర్తు రాలేదు మోకాళ్ళు. పోనీ, ఇంత దూరం ఎందుకు, మన తీరంలోనే ఇలాంటిది పెట్టొచ్చుగా? ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉందిగా సముద్రం.

మావయ్య: సముద్రం ఉంది, మూలలు లేవు. అక్కడ కొండలు నీళ్ళలోకి దిగి వేళ్ళలా చాచుకుంటే మధ్యలో సందులు ఏర్పడ్డాయి. సందు సందుకీ గాలి తగలని చోటు. పొద్దున్నొక సందు, రాత్రికొక సందు. మనది తిన్నని ఇసక ఒడ్డు, దాని మీద విరుచుకుపడే అల. తెప్ప వేసే జాలర్లకి రోజూ గండం ఆ అల దాటడమే. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ కాస్త అడ్డుంది కాబట్టి 1933 నాటికి లోపల హార్బరు తవ్వుకున్నాం. కోరంగిలో పూర్వం పెద్ద పెద్ద తెరచాప ఓడలు కట్టారు, పక్కన తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టే చెయ్యి ఇంకా ఉంది. కానీ ఆ కోరంగినే 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుఫాను ఊడ్చేసింది. విహారానికి ఓడ కావాలంటే ముందు అది రాత్రి తలదాచుకునే చోటు కావాలి. మనకది దేవుడివ్వలేదు.

మేనకోడలు: మరి ఇచ్చినచోటికి వెళ్తానంటే ఎందుకొద్దంటావు?

మావయ్య: వద్దనలేదే. సెయిలింగ్ అనొద్దన్నాను.

మేనకోడలు: అందరికీ పడవ ప్రయాణమనే చెప్తాను.

మావయ్య: అయితే ఆగస్టులో వద్దు. సెప్టెంబర్ చివర వెళ్ళు. నీళ్ళు ఇంకా వెచ్చగా ఉంటాయి, రద్దీ తగ్గుతుంది. ముందురోజే ఫెతియే చేరి కయకోయ్ చూడు. 1923లో రెండు దేశాలు జనాన్ని మార్చుకుంటే ఖాళీ అయిన గ్రీకుల ఊరు, ఇళ్ళన్నీ కప్పు లేకుండా అలాగే ఉన్నాయి. అది కొండకి అవతల ఉంది. ఓడ గెమిలెర్ ద్వీపం దగ్గర ఆగుతుంది కానీ అక్కణ్ణుంచి అది కనపడదు. పతారాకి బస్సులో వెళ్ళు. ఉలుబురున్ కోసం బొద్రుమ్.

మేనకోడలు: మూడు రాత్రుళ్ళ ప్రయాణాన్ని రెండు వారాలు చేసేశావు.

మావయ్య: ఏజెంటుని మూడు అడుగు. రాత్రి జెనరేటరు ఎన్నింటికి ఆపుతారు? మురుగు ట్యాంకు ఎంత? యెది బురున్ ఏ టైముకి దాటుతారు? మూడోదానికి మధ్యాహ్నం అన్నాడంటే మంచం బుక్ చెయ్, వాడు తెరచాప ఎత్తే మనిషి.

మేనకోడలు: నా కడుపులో తిప్పితే?

మావయ్య: తిప్పుతుంది. క్యాబిన్‌లోకి దిగకు, పైన కూర్చుని ఒడ్డు కేసి చూస్తూ ఉండు. అన్నట్టు ఆ క్యాబిన్ ఇంజను గదికి ఆనుకుని ఉన్నది ఇస్తారేమో, చూసుకో.

మేనకోడలు: ఆ చప్పుడు లేకపోతే నీకు నిద్రే పట్టేది కాదన్నావు కదా?

మావయ్య: నాకు జీతమిచ్చి పడుకోబెట్టారే. నువ్వు ఎదురు డబ్బు కట్టి పడుకుంటానంటున్నావు.